ముసుగు చొక్కాకి ఆది

మా నాన్న బ్రిటన్ ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ దేశం గురించి మా ఇంట్లో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అల్ మవాలేలో టైల్సూ పైపులూ అమ్మే కంపెనీలో స్టోర్ చూసుకుని, సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి లుంగీ కట్టుకుని సోఫాలో కూర్చున్నారంటే ఇక ఆయన మస్కట్‌లో లేనట్టే. అక్కడి పోలీసు సీరియళ్ళంటే ఆయనకు ప్రాణం.

ఏ సీరియలైనా ఒకటే వరస. వాన పడుతూ ఉంటుంది. కుక్కను షికారుకు తీసుకెళ్ళిన పెద్దాయనకు పొదల్లో శవం కనబడుతుంది. పోలీసులు వచ్చీ రాగానే, తలమీదికి ముసుగు లాక్కున్న కుర్రాడొకడు గోడ దూకి పరిగెడతాడు. "వాడే" అనేవారు నాన్న. అని, పొద్దున్నే లేవాలి కనుక, అక్కడితో గురక మొదలెట్టేవారు. మిగతాది నేనూ అమ్మా చూసేవాళ్ళం. చివరికి చంపింది ఏ హెడ్మాస్టరో, పళ్ళ డాక్టరో అయ్యేవాడు. కుర్రాడు పారిపోయింది జేబులో సిగరెట్లు ఉన్నాయని అమ్మకు తెలిసిపోతుందనే భయంతో. ఈ సంగతి నాన్నకు ఏళ్ళ తరబడి తెలియలేదు. పొద్దున లేచాక ఎవరు చంపారని అడిగేవారు కూడా కాదు. తెలిసిన విషయం అడగడం దేనికి?

సీరియల్ లేని రోజు వార్తలు. వాటిలోనూ ఆ కుర్రాళ్ళే. దూరంగా గోడమీద ఉన్న కెమెరాలోంచి, మొహాలు కనబడకుండా, గుంపుగా నడుస్తూ ఉంటారు. ఏం చేశారో చెప్పకముందే నాన్న తల ఊపేవారు. వాళ్ళలో ఒక్కడు అమ్మకు మందులు తెచ్చినట్టు గానీ, లెక్కల్లో తప్పినందుకు ఏడ్చినట్టు గానీ ఏ చానెలూ ఎప్పుడూ చూపించలేదు.

అబ్బాయిల సంగతి అలా తేలిపోయింది. అమ్మాయిల సంగతి మన సినిమాలు తేల్చాయి. లండన్ నుంచి దిగిన అమ్మాయంటే ముందు హైహీల్స్ కనబడాలి. కెమెరా నింపాదిగా పైకి వెళ్ళేసరికి చేతిలో సిగరెట్టో, గ్లాసో ఉండాలి. బామ్మను హలో అని పిలవాలి. ఇంటర్వెల్ ముందు హీరో చేత లెంపకాయ తిని, ఇంటర్వెల్ అయ్యాక చీర కట్టుకుని తులసికోట చుట్టూ తిరగాలి. మేము క్రైస్తవులం, మాకు తులసికోట లేదు. కాబట్టి నేను ఒకసారి లండన్ అమ్మాయినైపోతే బాగుపడే దారే లేదని నాన్న దిగులు.

ఈ దిగులు ఉత్తుత్తిది కాదు. ఆ ఏడాది నేను పన్నెండో తరగతి పూర్తి చేశాను. బ్రిటన్‌లో ఫిజియోథెరపీ చదవడానికి ఒక కాలేజీలో సీటు వచ్చింది. అమ్మ ఇక్కడి ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. సీటు వచ్చిందని తెలిసిన రోజు వార్డు మొత్తానికి హల్వా పంచింది. నాన్న మాత్రం "చూద్దాం" అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే కుదరదని చెప్పడానికి ఇంకొంచెం టైం కావాలని అర్థం. నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పటి నుంచి అమ్మ డ్యూటీ దిగి వచ్చి నడుం పట్టేసి నేలమీద పడుకుంటే కాళ్ళతో తొక్కింది నేను. ఆ చదువు ఎందుకు కావాలో నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ ఫోన్ చేసింది. మా అమ్మకు అక్క, ఆమె కూడా నర్సే, పాతికేళ్ళుగా బ్రిటన్‌లో ఉంటోంది. నాకు అన్నయ్య వరసయ్యే వాళ్ళబ్బాయి స్కూలు చదువు అయిపోయిందట. కాలేజీ మొదలయ్యేలోగా కొన్ని వారాలు మా దగ్గర ఉండి వెళతాడట. నేను వాణ్ణి ఆఖరుసారి చూసినప్పుడు ఇద్దరికీ పాలపళ్ళు ఊడుతున్నాయి. ఫోన్ పెట్టేశాక నాన్న చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు.

"వాడొస్తున్నాడుగా. రానీ. అక్కడ పెరిగిన పిల్లలు ఎలా ఉంటారో వాణ్ణి చూస్తే తెలిసిపోద్ది. బాగుంటే నిన్ను పంపుతా. లేకపోతే ఇక్కడే బీకాం చదువుకో."

సంచిలోంచి గుప్పెడు బియ్యం తీసి చూసి బస్తా బేరం చేసినట్టు, ఒక దేశం మొత్తాన్ని ఒక్క కుర్రాడితో తేల్చేస్తారట. పోనీ ఆ కుర్రాడైనా ఎలాంటివాడో నాకు తెలియదు. నా భవిష్యత్తు ఎవడి చేతిలోనో పెట్టి ఆయన హాయిగా ఏసీ పెంచుకుని పడుకున్నారు.

ఏర్పాట్లు మొదలయ్యాయి. మొదటిది, ప్రార్థన. మా తెలుగు కూడిక శుక్రవారాలు జరుగుతుంది, గల్ఫ్‌లో సెలవు ఆ రోజే కదా. ఆరాధన చివర ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి మనవి చెప్పుకోవడం అలవాటు. వీసా, బీపీ, ఊళ్ళో పొలం తగాదా, అన్నీ అక్కడికే వస్తాయి. నాన్న లేచి, "బ్రిటన్ దేశం నుంచి మా ఇంటికి ఒక యౌవనస్థుడు వస్తున్నాడు. అతని కోసం ప్రార్థన చేయండి" అన్నారు. అంతే అన్నారు, ఒట్టు. భోజనాల వరుస ముందుకు కదిలేసరికి వాడు మత్తుకు అలవాటు పడ్డాడు. పాయసం దగ్గర జైలుకు వెళ్ళొచ్చాడు. సాయంత్రానికి ఫోన్లో మా కూడిక గ్రూపునిండా నమస్కారాల బొమ్మలు. అమ్మ తల పట్టుకుంది.

రెండోది, కత్తులు. వాడొచ్చే రోజు పొద్దున నాన్న వంటింట్లో ఉన్న చాకులన్నీ ఏరి, పాత తువ్వాలులో చుట్టి, బియ్యం డబ్బాలో అడుగున పాతిపెట్టారు. కత్తిపీట అందులో పట్టలేదు. దాన్ని దుప్పటిలో చుట్టి మంచం కిందికి తోశారు.

"టమాటాలు ఎలా కొయ్యమంటారు?" అంది అమ్మ.

"కొన్నాళ్ళు పప్పు తిందాం" అన్నారు నాన్న.

ఎయిర్‌పోర్టుకు ముగ్గురం వెళ్ళాం. బయట జూలై ఎండ, కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేంత. అద్దాల తలుపు తెరుచుకుని జనం వస్తున్నారు. వాళ్ళ మధ్యలో ఆరడుగుల పొడుగున ఒక నల్ల హుడీ, ముసుగు కళ్ళదాకా దించి, చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచొచ్చింది. నాన్న నా భుజం పట్టుకున్నారు. సీరియల్లోంచి తిన్నగా దిగినట్టున్నాడు. నా సీటు పోయిందని ఆ క్షణాన నిశ్చయించుకున్నాను.

వాడు మా ముందుకొచ్చి ఆగి, ముసుగు వెనక్కి తోసి, రెండు చేతులూ జోడించాడు.

"బాగున్నారాండి బాబాయిగారండీ? ఆయ్. అదేంటండీ అలా చిక్కిపోయారు? ఒంట్లో ఎలా ఉంటుందండి?"

అది మా అమ్మమ్మ. గొంతు మగపిల్లాడిది, మాట మాత్రం గోదావరి గట్టున పుట్టి పెరిగిన డెబ్బయ్యేళ్ళ మా అమ్మమ్మది. పెద్దమ్మ రాత్రి డ్యూటీలకు పోతుంటే వాణ్ణి పెంచింది ఆవిడే. వాడికి తెలుగంటే ఆవిడ మాట్లాడేదే. అల్లుళ్ళను ఆవిడ ఎలా పలకరించేదో వాడూ అలాగే పలకరిస్తాడు. కూర్చునేటప్పుడు "అమ్మా, మోకాళ్ళు" అంటాడు. నన్ను చూసి, "ఓసి నీ అసాధ్యం కూల, ఎంత ఎదిగిపోయావే" అన్నాడు.

అమ్మమ్మ అంతకు ముందు శీతాకాలమే అక్కడ పోయింది. వీసా సమయానికి రాక అమ్మ చివరి చూపుకు వెళ్ళలేకపోయింది. కారులో అమ్మ వాడి పక్కన కూర్చుని దారి పొడుగునా వాడిచేత ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉంది. నవ్వుతూ ఏడ్చింది. నాన్న అద్దంలోంచి మాటిమాటికీ వెనక్కి చూస్తున్నారు. చూసినదానికీ విన్నదానికీ పొత్తు కుదరడం లేదు ఆయనకు.

అయినా అనుమానం అంత తొందరగా పోతుందా? మా ఇంట్లో ఏసీ చల్లదనానికి కొబ్బరినూనె గడ్డకడుతుంది. వాడు ఇంట్లో కూడా హుడీ తీయలేదు, ముసుగు వెనక్కి తోయలేదు. నాన్న గుసగుసగా, "ఎందుకు మొహం దాచుకుంటున్నాడు?" అన్నారు. వాడు పొద్దున పది దాటినా లేవలేదు. "మత్తు" అన్నారు. అక్కడికీ ఇక్కడికీ టైం తేడా అని అమ్మ చెప్పింది, వినలేదు. వాడు ఫోన్ చూసి నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఎందుకు ముభావంగా ఉన్నాడని. టీవీలో కనబడినవాడిలా ఉంటే తప్పు, లేకపోతే నటన.

ఇక లాభం లేదని రెండో రోజే వాణ్ణి బాల్కనీలోకి లాక్కెళ్ళి సంగతి చెప్పాను. నిన్ను చూసే నన్ను పంపాలో వద్దో తేలుస్తారట, నీ ప్రవర్తన మీదే నా చదువు ఉంది అన్నాను. వాడు నోరు తెరిచాడు.

"నా మీదాండి... నా మీదానే? ముందే చెబితే ఇస్త్రీ చొక్కా తెచ్చుకునేవాణ్ణి కదే!"

"ముందు ఆ హుడీ తియ్యి."

"తియ్యకూడదే. చెవుల్లో గాలి దూరుద్ది. అమ్మమ్మ కొనిపెట్టింది. ఇది తీసి బయట తిరిగితే చంపేసేదే నన్ను."

మా చిన్నప్పుడు ఊళ్ళో చలికాలం సాయంత్రాలు అమ్మమ్మ చెవులకు తువ్వాలు కట్టుకుని తిరిగేది, మమ్మల్నీ కట్టుకోమని వేధించేది. ఆ దేశంలో తువ్వాలు కడితే పిల్లలు నవ్వుతారని ఆవిడే దుకాణాల్లో వెతికి, చెవులు మూసేది ఇదొక్కటే ఉందని కొనిపెట్టిందట. టీవీవాళ్ళు కళ్ళకద్దుకుని చూపించే ఆ హంతకుల యూనిఫారం మా అన్నయ్య వరకూ అమ్మమ్మ మంకీ క్యాప్. ఈ మాట నాన్నతో చెబితే నమ్మరని నాకు తెలుసు. అమ్మతో చెప్పాను. అమ్మ మళ్ళీ ఏడ్చింది.

మా బిల్డింగ్ కింద ఒక టైలర్ ఉండేవాడు. కడప నుంచి వచ్చి ఇక్కడే ముసలివాడైపోయాడు, ఉర్దూ తెలుగూ కలిపి మాట్లాడతాడు. ఆ హుడీని హుడీగా చూసింది ఆయనొక్కడే. మెట్లు దిగుతుంటే వాణ్ణి ఆపి, ముసుగు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, తిరగేసి కుట్టు చూసి, "క్యా ఫినిషింగ్ హై! డబల్ కుట్టు వేసినారు చూడప్పా" అని మెచ్చుకున్నాడు. వాడు మురిసిపోయి ముసుగు మొత్తం లోపలి నుంచి కూడా చూపించాడు.

సాయంత్రం ఎండ తగ్గాక వాడు నడకకు వెళ్ళేవాడు. ఎక్కడికి వెళుతున్నాడో, ఎవరిని కలుస్తున్నాడో తెలుసుకోవాలని నాన్న ఒకరోజు కారు తీశారు. ఒక్కరే వెళితే బాగుండదని నన్నూ ఎక్కించుకున్నారు. వాడు ముందు నడుస్తున్నాడు, మేము వెనకాల కారులో నడక వేగంతో. వాడు ఆగితే మేము ఆగుతాం. వాడు పిల్లిని నిమిరితే మేము చూస్తాం. వాడు కరక్ చాయ్ దుకాణం ముందు కుర్చీ లాక్కుని, అక్కడున్న ముసలివాళ్ళ మధ్య కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు. "కోడ్ భాష" అన్నారు నాన్న. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎవరో మా కారు కిటికీ మీద తట్టారు. పోలీసు. కుర్రాడి వెనకాల ఒక కారు తచ్చాడుతోందని ఎవరో చెప్పారట. మర్యాదగానే అడిగాడు, హిందీలో. ఎందుకు ఫాలో అవుతున్నావ్? ఆ అబ్బాయి ఎవరు? నాన్న లైసెన్సు తీసి చూపించారు. పోలీసు వెళ్ళి వాణ్ణి పిలుచుకొచ్చి ఇంగ్లీషులో అడిగాడు, ఈయన నిన్ను ఏమైనా ఇబ్బంది పెడుతున్నాడా అని. మా అన్నయ్య కారులోకి వంగి చూసి, మొహం వెలిగిపోయి, ఈయన మా బాబాయి అని చెప్పాడు. తను వేడికి కళ్ళు తిరిగి పడిపోతాడేమోనని వెనకాలే వస్తున్నారు పాపం, అన్నాడు. వాడు నిజంగానే అలా అనుకున్నాడు. పోలీసు నాన్నతో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. అనుమానించాల్సిన మనిషిగా కనబడటం ఎలా ఉంటుందో ఆయనకు మొదటిసారి తెలిసినట్టుంది.

ఇంట్లో వంట మాత్రం ఘోరంగా తయారైంది. అమ్మ క్యాబేజీని చేత్తో చింపేది. పచ్చిమిరపకాయల్ని ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న బ్యాండేజి కత్తెరతో కత్తిరించేది. ఉల్లిపాయను పప్పుగుత్తితో కొట్టి ముక్కలు చేసేది, కొట్టేటప్పుడు నాన్న వైపే చూసేది. చికెన్ ముక్కలు కొట్టించుకురావడం మరిచి నాన్న మొత్తం కోడిని తెచ్చిన రోజు వంటింట్లో జరిగిన యుద్ధం నేను చెప్పను. అన్నయ్య తలుపు దగ్గర నిలబడి అన్నీ చూస్తూ ఉండేవాడు. "పిన్నీ, ఆ కొబ్బరికాయ ఇటియ్యండి, నేను కొట్టేత్తాను" అని గచ్చుకేసి కొట్టేవాడు. కత్తేదని మాత్రం అడగలేదు. లేనివాళ్ళను అడిగి బాధపెట్టకూడదని అనుకున్నాడని తర్వాత తెలిసింది.

శుక్రవారం వచ్చింది. కూడిక ఆ రోజు కిటకిటలాడింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. ఆరాధన మధ్యలో సంఘ పెద్ద లేచి, బ్రిటన్ నుంచి వచ్చిన సహోదరుడు సాక్ష్యం చెబుతాడన్నాడు. సాక్ష్యమంటే నేను ఇలాంటివాణ్ణి, ఇలా పడిపోయాను, ఇలా లేచాను అని అందరి ముందూ చెప్పడం. ఎంత లోతుగా పడితే అంత మంచి సాక్ష్యం. వెనకవరుసలో ఒకావిడ అప్పుడే కళ్ళద్దాలు తీసి చేతిరుమాలు సిద్ధం చేసుకుంది. నేను కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించాను, వాడి కోసం కాదు, నా కోసం.

వాడు ముసుగు వెనక్కి తోసి నిలబడ్డాడు.

"అందరికీ వందనాలండి. ఆయ్. నేనండి, శనివారాలు ధర్మం కోసం నడిపే పాతబట్టల దుకాణంలో బట్టలు మడతపెడతానండి. ఊరికే. జీతం లేదండి. మిగతా రోజులు చదువండి." ఆలోచించాడు. "ఒకసారి అమ్మమ్మ దాచుకున్న ఆవకాయ తినేసి అమ్మ తినేసిందని చెప్పానండి. అది తప్పేనండి."

అందరూ ఇంతేనా అన్నట్టు చూస్తున్నారు. సంఘ పెద్ద ముందుకు వంగి, "బాబూ, భయపడకు. స్నేహితులు, మత్తు, గొడవలు... అవన్నీ కూడా చెప్పు" అన్నాడు.

"నాకు ఇద్దరే స్నేహితులండి. ఇద్దరూ చెస్ ఆడతారండి." వాడికి పాపం జాలేసింది, ఇంతమందిని నిరాశపరిచినందుకు. ఏదో ఒకటి ఇవ్వాలన్నట్టు వెతుక్కుని, చివరికి అన్నాడు. "మా దగ్గర టీవీలో నాలాంటి పిల్లోడు కనబడ్డాడంటే పరిగెడతానే ఉంటాడండి. అందుకని అమ్మమ్మ నన్ను అసలు పరిగెత్తొద్దనేదండి. బస్సు పోతే పోనియ్, ఇంకోటొత్తాది, నువ్వు పరిగెడితే జనం హడిలిపోతారు అనేదండి. అలాగే నడిచేవాణ్ణండి. బస్సెక్కాక నా పక్క సీటు ఖాళీగానే ఉండేదండి. నిలబడి ఉంటారు గానీ కూర్చోరండి. అమ్మమ్మ కూడా ఉంటే మాత్రం గబగబా వచ్చి కూర్చుని, చూశావా, మనకోసమే అట్టే పెట్టారు, ఎంత మంచోళ్ళో అనేదండి. ఇప్పుడు ఖాళీగా ఉంటందండి. అంతేనండి. వందనాలండి."

కూర్చున్నాడు. చేతిరుమాలు ఆవిడ దాన్ని వాడింది, అనుకున్న కారణానికి కాకపోయినా. సంఘ పెద్ద మాత్రం తేరుకుని, ఇతనిలో ఏ చెడూ లేకపోవడం మనం చేసిన ప్రార్థనల ఫలితమేనని ప్రకటించాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను నాన్న వైపు చూశాను. ఆయన అంత కిటకిటలోనూ తనకూ వాడికీ మధ్య ఖాళీగా మిగిలిన కుర్చీ వైపు చూస్తున్నారు. భోజనాల దగ్గర వాడు ప్లేటు పట్టుకుని నిలబడితే, నాన్న అటూ ఇటూ చూసి వెళ్ళి వాడి పక్కన నిలబడ్డారు.

ఆ సాయంత్రం సీరియల్ పెట్టారు. వాన, కుక్క, శవం. ముసుగు కుర్రాడు గోడ దూకాడు. "వాడే" అనబోయి, పక్కన కూర్చున్న ముసుగును చూసి నాన్న మింగేశారు.

"వాడు కాదండి" అన్నాడు అన్నయ్య. "ఎప్పుడూ వాడు కాదండి. ఆఖరుదాకా చూడండి."

నాన్న గురక ఆపుకుని మొదటిసారి చివరిదాకా చూశారు. చంపింది కుక్కను తిప్పే పెద్దాయన. శవాన్ని తనే అక్కడ పెట్టి, తనే చూసినట్టు పోలీసులను పిలిచాడు. నాన్న మొహం చూడాల్సింది. నమ్మిన సంబంధం చెడిపోయినవాడిలా అయిపోయారు.

"మరి అంతకు ముందువన్నీ?" అన్నారు నా వైపు తిరిగి.

"హెడ్మాస్టర్, పళ్ళ డాక్టర్, పూలకొట్టావిడ" అన్నాను.

"ఒక్కటి కూడా కుర్రాడు కాదా?"

"కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు" అంది అమ్మ వంటింట్లోంచి, పప్పుగుత్తి చప్పుడు మధ్యన.

అయినా నన్ను పంపుతానని మాత్రం అనలేదు. కాలేజీకి జవాబు రాయాల్సిన గడువు దగ్గరపడుతోంది. వాడి ప్రయాణమూ దగ్గరపడింది. నేను అడగడం మానేశాను. అడిగితే చూద్దాం అంటారు, ఆ మాట ఇంకొకసారి వింటే ఏదైనా పగలగొడతానేమోనని నాకే భయమేసింది.

వెళ్ళే ముందు రోజు వాడు బజారుకు వెళ్ళి ఒక పెట్టె తెచ్చాడు. రంగు కాగితం చుట్టి, రిబ్బన్ కట్టి ఉంది. అమ్మ చేతిలో పెట్టి, "తీసి చూడండి పిన్నీ" అన్నాడు. అమ్మ విప్పింది. చెక్క దిమ్మలో నిలబెట్టిన కత్తులు. చిన్నది, పెద్దది, రొట్టె కోసేది, ఎముకలు కొట్టేది. శనివారాలు జీతం లేకుండా బట్టలు మడతపెట్టేవాడు, చేతిఖర్చులో మిగుల్చుకుని కొన్నాడు.

"ఇంట్లో ఒక్క చాకు కూడా లేకుండా ఎలా ఈదుకొత్తున్నారో అనుకున్నానండి. పాపం చేత్తోనే చింపుకుంటున్నారు కదండి." వాడి కళ్ళు మెరిసిపోతున్నాయి. "మా దగ్గర నేను కొనాలంటే వయసు తెలిసే కార్డు చూపించమంటారండి. చూపించాక ఇంకో ఆయన్ని పిలుత్తారు. నన్ను చూత్తా ఉంటారు. ఇక్కడ కొట్టాయన ఏమీ అడగలేదండి. కాగితం చుట్టి ఇచ్చి, పదునుగా ఉంది బాబూ, నీ వేళ్ళు జాగ్రత్త అన్నాడండి. నా వేళ్ళు అండి!"

అమ్మ ఆ దిమ్మను బల్లమీద పెట్టింది. లోపలికి వెళ్ళింది. బియ్యం డబ్బాను రెండు చేతులా మోసుకొచ్చి నాన్న కాళ్ళ ముందు దభీమని పెట్టింది. నాన్న ఆమె మొహం చూశారు. చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి, డబ్బాలో చెయ్యి పెట్టి, తువ్వాలు మూట పైకి లాగారు. బియ్యం జలజలా రాలాయి. మూట విప్పి ఒక్కొక్క చాకూ కొత్త దిమ్మ పక్కన పేర్చారు. తర్వాత పడకగదిలోకి వెళ్ళి మంచం కింద వంగి కత్తిపీట కూడా తెచ్చారు. దుప్పటి దాని ముక్కుకు తగులుకుని వెనకాలే వచ్చింది.

వాడు వాటిని చూశాడు. నాన్నను చూశాడు. బస్సులో పక్క సీటును చూసి చూసి అలవాటైనవాడు కదా, ఎక్కువ సేపు పట్టలేదు.

"నా గురించాండి?" అన్నాడు నెమ్మదిగా.

నాన్న తల దించుకున్నారు. ఆ క్షణంలో నాన్న మీద నాకు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. అంత జాలీ వేయలేదు. వాడు ముసుగు అంచు కాసేపు వేళ్ళతో నలిపి, చివరికి నిట్టూర్చి కుర్చీలో చేరగిలబడ్డాడు.

"అమ్మమ్మ ఉంటే మీకు గట్టిగా గడ్డి పెట్టేదండి బాబాయిగారూ. ఆయ్. కత్తిపీట కూడానాండీ!"

అమ్మకు నవ్వు ఆగలేదు. తర్వాత నాకు. నాన్న నవ్వలేదు. ఆ రాత్రి భోజనంలో టమాటాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయి. ఎవరు కోశారో చెప్పక్కర్లేదు, నాన్నే అడిగి వాడిచేత కోయించారు. కోస్తున్నంతసేపూ పక్కనే నిలబడి, "వేళ్ళు, వేళ్ళు" అంటూనే ఉన్నారు.

పొద్దున వాడు పెట్టె సర్దుకుంటుంటే నాన్న గుమ్మంలో నిలబడ్డారు.

"ఒరే నాన్నా, ఆ చొక్కా ఒక్క గంట ఇస్తావా?"

"దేనికండి?"

"ఆదికి."

టైలర్‌కు కొలతల బదులు చూపించే బట్టను ఆది అంటారని వాడికి తెలియదు, నాకు తెలుసు. హుడీ పుచ్చుకుని నాన్న మెట్లు దిగుతుంటే నేనూ వెనకాలే దిగాను. కింద దుకాణంలో ఫ్యాన్ వేడిగాలి కొడుతోంది. నాన్న బల్లమీద హుడీ పరిచి, సంచిలోంచి కట్ పీసు తీశారు. దట్టమైన ఊలు, ముదురు నీలం. జూలైలో మస్కట్‌లో అది ఎక్కడ వెతికి పట్టుకున్నారో నేటికీ చెప్పరు. టైలర్ దాన్ని తడిమి ఆయన వైపు జాలిగా చూశాడు.

"ఈ ఎండల్లో ఊలా భాయ్? దిమాగ్ చెడిందా? ఎవరికప్పా?"

"అమ్మాయికి" అన్నారు నాన్న నా వైపు చూడకుండా. "అక్కడ చలంట."

నాకు కళ్ళు మసకబారాయి. టైలర్ టేపు మెడలో వేసుకుని, సుద్ద తీసుకుని, హుడీని తిరగేశాడు.

"ఇదే నమూనానా? పైన టోపీ వద్దు కదా? ఆడపిల్లకు కాలర్ పెడతా, నీట్‌గా ఉంటది."

నాన్న ఆ నల్ల ముసుగును చేతిలోకి తీసుకుని, మడత సరిచేసి, మళ్ళీ బల్లమీద పెట్టారు.

"పెట్టు. పెద్దదే పెట్టు. చెవుల్లో గాలి దూరకూడదు."